చేటెడు తవుడు

మంగాయమ్మ మూడు రోజులుగా అంట్లు కడిగిన నీళ్ళు తెచ్చి సూర్యావతి గుమ్మంలో పారబోస్తోంది. నాలుగో అంతస్తులో ఉన్నవి రెండే ఇళ్ళు, ఎదురెదురు గుమ్మాలు, మధ్యన నాలుగడుగుల జాగా. నీళ్ళు పోవడానికి ఎవరింట్లో వాళ్ళకి తూములున్నాయి. అయినా ఆవిడ పొద్దున్నే గిన్నె పట్టుకుని బయటికొచ్చి, కటకటాల తలుపు చప్పుడయ్యేలా తోసి, మెతుకులూ గోంగూర కాడలతో సహా ఈ గుమ్మం మీదికి వంపి, మళ్ళీ అంత చప్పుడుతోనూ తలుపేసుకుంటోంది. ఇరవై ఏళ్ళకి పైగా ఉప్పూ పప్పూ అటూ ఇటూ నడిచిన గుమ్మాలవి.

రెండు రోజులు సూర్యావతి ఓర్చుకుంది. పాత లుంగీ గుడ్డతో తుడిచి, గుడ్డ పిండి, మెతుకులు ఏరి కాకులకి వేసింది. మూడో రోజు, మంగళవారం, తెల్లారకముందే లేచి తన గుమ్మంలోనే నిలబడింది. గిన్నెతో వచ్చిన మంగాయమ్మ ఎదురుగా మనిషిని చూసి ఆగింది గాని వెనక్కి తగ్గలేదు.

"ఏటప్పా ఇది? మనుసులు నడిసే సోటు కాదేటి? జారి పడితే?"

"పడనీ. కాళ్ళిరిగితే మరీ మంచిది. కాళ్ళిరిగినోళ్ళని వార్డువోళ్ళు ఒగ్గేస్తారట."

గిన్నె చంకన పెట్టుకుని, రవికలోంచి నాలుగు మడతల కాగితం తీసి చాచింది. "సదువుకున్నదానివి గదా. సదువు."

వీధిలోకి వేలాడే తాడుకి వార్డువాళ్ళు క్లిప్పు పెట్టి వదిలిన కాగితం అది. పేపరూ కరెంటు బిల్లూ పైకి లాగే తాడుతోనే శనివారం కోటిబాబు దాన్నీ లాగి తల్లి మంగాయమ్మ చేతికిచ్చాడు. సూర్యావతి బర్మా అక్షరాలు కూడబలుక్కోకుండానే చదివింది. ఇంటి పెద్ద డో మంగా, అంటే మంగాయమ్మే, భర్త లేడు. పద్దెనిమిదికీ ముప్పై ఐదుకీ మధ్య మగవాళ్ళు ఇద్దరు. కొడుకు కోటిబాబు, ఇరవై నాలుగు. కొడుకు గోపీకృష్ణ, ఇరవై ఒకటి. ఇద్దరిలో ఒకరు సైన్యంలో చేరాలి. ఎవరన్నది శుక్రవారంలోగా వార్డు ఆఫీసుకి వచ్చి చెప్పాలి.

కోటిబాబు మంగాయమ్మ కొడుకే. గోపీకృష్ణ మాత్రం సూర్యావతి కొడుకు. ఆ నిమిషంలో లోపల పీట మీద కూర్చుని టీలో రొట్టె ముంచుకుంటున్నాడు.

"నాకు కొడుకులెంతమందే?" అంది మంగాయమ్మ.

"ఒక్కడు."

"మరి ఆ కాయితం ఇద్దరంతాది. మొగుడు లేని మనిసికి ఒక్కడే కొడుకైతే ఒగ్గేస్తారట. ఇద్దరైతే ఒకణ్ణి అట్టుకెల్తారట. నీ వోణ్ణి నా కాయితంలో ఎట్టుకున్న పాపానికి నా వోణ్ణి ఇచ్చీమంతావేటి?"

"నానెట్టమన్నానా? రాసినది సత్యారావు బావ."

"రాసినాడు నా మొగుడు. పిచ్చిమారాజు, పోయి బతికిపోనాడు. సేటలో ఆణ్ణి తెచ్చి నా గడపలో ఎట్టి, 'అప్పా, కొనుక్కో' అని నా కాళ్ళట్టుకున్నదెవలు? ఇద్దర్ని పాతెట్టి వొచ్చినావని జాలేసి సేటెడు తవుడిచ్చి కొన్నాను. కొన్నాక మన బిడ్డే గదా అని ఆయన ఇంటి జాబితాలో ఎక్కించీసినాడు. అయిదో ఏడు అదే తవుడిచ్చి తిరిగి కొనుక్కోవాల. కొనుక్కున్నావేటి?"

"బయమేసినాది అప్పా."

భయం వేసిన మాట నిజం. పుట్టిన బిడ్డలు దక్కని ఇంట్లో తర్వాతి బిడ్డను చేటలో పడుకోబెట్టి తవుడికి అమ్మేయడం సముద్రానికి అవతల శ్రీకాకుళం నుంచి వీళ్ళ ముత్తాతలు బర్మాకి మూటలతోపాటు మోసుకొచ్చిన ఆచారం. మృత్యువు ఈ ఇంటికొస్తే బిడ్డ మాది కాదంటారు. ఆ ఇంటికి వెళ్తే మేం కన్నది కాదంటారు. విలాసం దొరక్క మృత్యువు తిరిగి వెళ్ళిపోతుందని లెక్క. ఐదో ఏడు వచ్చింది, పదో ఏడు వచ్చింది, తిరిగి కొనుక్కుంటే ఎక్కడ గుర్తుపడుతుందోనని సూర్యావతి ఊరుకుంది. మృత్యువుకి దొరకని విలాసం గవర్నమెంటుకి దొరికింది.

"కొన్నది నాను. కాయితం నాది. శుక్కురవారం ఎల్లి నా కిట్టమొచ్చినోడి పేరు సెప్తాను," అంది మంగాయమ్మ. లోపలికి మెడ చాచి, "ఒరే తవిటోడా," అని కేక వేసింది.

"ఏటి కొన్నమ్మా," అంటూ గోపీకృష్ణ టీ కప్పుతోనే బయటికి వచ్చాడు. మాటలు వచ్చినప్పటినుంచీ ఆవిణ్ణి వాడు పిలిచే పిలుపు అదే.

మంగాయమ్మ చంకలోని గిన్నె తీసి ఆ మిగిలిన నీళ్ళన్నీ వాడి పాదాల మీద కుమ్మరించి లోపలికి పోయింది. గోపీకృష్ణ కాళ్ళ వేళ్ళ మధ్య ఇరుక్కున్న గోంగూర కాడ వంక చూస్తూ నిలబడ్డాడు. సూర్యావతి గుడ్డ తెచ్చి ముందు వాడి కాళ్ళు తుడిచింది, తర్వాత గచ్చు తుడిచింది.

ఆమె పనిచేసే టైపింగు ఆఫీసు పబేడాన్ పేటలో ఒక బట్టల కొట్టు పైన ఉంది. ఆఫీసూ, కింద కొట్టూ రాజమోహన్‌వి. తాతల నాటి వ్యాపారస్తుల కుటుంబం. ఆఫీసులోకి కంప్యూటర్లు వచ్చినా మనిషికి పాత అలవాటు పోలేదు. ప్రింటు కాగితాలు లెక్క పెట్టేటప్పుడు ఒకటి అనడు, "లాభం, రెండు, మూడు" అంటూ ధాన్యం కొలిచినట్టే కొలుస్తాడు.

రెండు నెలలుగా సూర్యావతి ముందున్న పని ఎవరో విదేశీ పరిశోధకులది. పాలస్తీనాలోని పట్టణాలు, ఊళ్ళు, శరణార్థి శిబిరాలు, ఒక్కోదానిలో ఎంతమంది జనం. పాత పట్టికలు ఫొటోలు తీసి పంపుతారు, అంకె పొల్లుపోకుండా ఎక్కించాలి. కొన్ని ఇంగ్లీషువాళ్ళ కాలం నాటివి, కొన్ని తర్వాతివి. ఆ దేశం ఏ దిక్కున ఉంటుందో ఆమెకు సరిగా తెలీదు. టీకొట్టు టీవీలో ఒకరోజు కూలిన ఇళ్ళ మధ్య జనం పరుగెడుతుంటే జబాలియా అన్న పేరు వినిపించి, అది తను టైపు చేసిన పేరేనని చటుక్కున లేచి నిలబడింది. పక్కవాళ్ళు వింతగా చూశారు.

పని ఇద్దరిది. ప్రమోద పైకి చదువుతుంది, సూర్యావతి కొట్టి, మళ్ళీ తను చదువుతూ సరిచూస్తుంది. పేజీ అడుగున మొత్తం కుదరాలి. మొత్తం కుదరకపోతే ఎక్కడో ఒక మనిషి జారిపోయినట్టు, లేకపోతే ఒక మనిషి రెండుసార్లు ఎక్కినట్టు. వెతికి పట్టుకునేదాకా సూర్యావతి డబ్బా మూత తీయదు, భోజనం చేయదు.

"లిఫ్తా," అని చదివింది ప్రమోద. "అక్కా, ఈ ఊరికి పాత పేజీలో జనం ఉన్నారు. దీంట్లో గీతుంది. సున్నా అనేయనా?"

"సున్నా అనకు. గీత గీతే."

"మరి మనుషులేమైపోయారు?"

"వేరే పేజీల్లో ఉంటారు. శిబిరాల కింద చూడు. బలాతాలోనో, దెహైషేలోనో, ఇంకెక్కడో."

"అయితే ఊళ్ళో లేరు, పుస్తకంలో ఉన్నారన్నమాట," అని నవ్వింది ప్రమోద. ఇంకా పాతికేళ్ళు లేవు, ఏం చెప్పినా ఆ పిల్లకి సరదాగానే ఉంటుంది.

సూర్యావతి నవ్వలేదు. పట్టికల అడుగున చిన్న అక్షరాల్లో ఉండే షరతులు ఆమెకిప్పుడు కంఠతా వచ్చు. లెక్క రోజు రాత్రి ఎక్కడ పడుకుంటే అక్కడే రాయాలని ఒకచోట ఉంటుంది. ఇంటి పెద్ద చెప్పినవాళ్ళందర్నీ, ఇంట్లో లేనివాళ్ళతో సహా రాయాలని ఇంకోచోట ఉంటుంది. గోపీకృష్ణ పడుకునేది ఒకచోట, రాసి ఉన్నది ఒకచోట. ఇంతకాలం ఈ అంకెలన్నీ ఎవరివో అనుకుంటూ కొట్టింది.

మధ్యాహ్నం రాజమోహన్ వచ్చి టేబుల్ పక్కన నిలబడ్డాడు.

"సూర్యావతీ, రేపటినుంచి మూడు రోజులు మీ వార్డు ఆఫీసుకెళ్ళు. జనాభా లెక్కలు కదా, టైపు చేసే మనిషి కావాలన్నారు. పంపిస్తానని మాటిచ్చాను."

"నాను ఎల్లలేను బాబూ. వేరే ఎవుల్నయినా పంపండి."

"ఎవర్ని పంపను? ప్రమోదకి బర్మా టైపు రాదు. వాళ్ళకి కాదంటే కొట్టు మీద పడతారు. లైసెన్సు అంటారు, మెట్లు అంటారు, బోర్డు అంటారు. నా కడుపు మీద కొట్టించుకోమంటావా?"

"మా వార్డేనండి. మా ఇళ్ళే."

"అయితే ఇంకా మంచిది. దారి తెలుసు," అన్నాడు రాజమోహన్. కాగితాల కట్ట చేతిలోకి తీసుకుని, "లాభం, రెండు," అనుకుంటూ కిందికి దిగిపోయాడు. పెద్దమనిషే, కాని తన గుమ్మం దాకా వస్తే ఎవరి పెద్దరికమైనా అంతే.

వాళ్ళ పేట మింగళ తౌంగ్‌న్యున్‌లో వార్డు ఆఫీసు రెండు గదులు. ఒక గదిలో గుమాస్తా ఊ తాన్ లే, రెండో గదిలో తుపాకీ పట్టుకున్న కాపలా మనిషి. గుమాస్తాకి యాభై దాటాయి. నున్నగా దువ్విన జుట్టు, తమలపాకులతో ఎర్రబడ్డ పళ్ళు. సూర్యావతిని "మ సూర్యా" అని మర్యాదగానే పిలిచాడు. కూర్చోడానికి కుర్చీ ఇచ్చాడు, ఫ్యాను మాత్రం తనవైపు తిప్పుకున్నాడు.

బుధవారమంతా ఆయన ఇంటి జాబితాలు చదవడం, ఆమె కొట్టడం. ఇంటి నంబరు, ఇంటి పెద్ద, మనుషులు, వయసు, కార్డు నంబరు. చివరి గడి కొత్తది. "పంపే మనిషి" అని దాని పేరు. మధ్యాహ్నం మూడింటికి వాళ్ళ బిల్డింగు వచ్చింది. కన్నారావు, మింగళాడోన్‌లో గిడ్డంగి పని, భార్య సూర్యావతి, పిల్లలు లేరు. ఆమె వేళ్ళు ఆ మాట మీద ఆగలేదు. తర్వాతి వరస డో మంగా, కొడుకులు ఇద్దరు.

"దీనికి పేరు ఇంకా రాలేదు," అన్నాడు గుమాస్తా. "శుక్రవారం చెబుతుంది. చెప్పకపోతే నేనే ఒకటి రాస్తాను."

"అయ్యా, ఒక మాట," అంది సూర్యావతి బర్మాలో, స్క్రీను మీద నుంచి చూపు తీయకుండా. "ఒక ఇంట్లో ఉన్న పేరు ఇంకో ఇంటికి మార్చుకోవాలంటే?"

"ఈ నెల మార్పులు లేవు. మార్చినా ఏం లాభం? తండ్రి బతికి ఉండి, ఒంట్లో ఓపిక ఉంటే ఒక్క కొడుకైనా రావాల్సిందే. వదిలేది భర్త లేని ఆడదాని ఒక్క కొడుకునే." ఆయన తమలపాకు చుట్ట బుగ్గన పెట్టుకుని ఆమెను చూశాడు. "ఎందుకడిగావు?"

"వేరే ఇంట్లో అడగమన్నారు."

ఆయన ఉమ్మడానికి బయటికి వెళ్ళగానే సూర్యావతి గోపీకృష్ణ వరస మీద వేలు నొక్కి తీసేసింది. అడుగున మొత్తం ఒకటి తగ్గింది. పక్కన పెన్నుతో రాసిన పాత కాగితం మీద అసలు మొత్తం ఉంది, సాయంత్రం ఆయన రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్తాడు. మొత్తం కుదరకపోతే దొంగ ఎవరో వెతకనక్కర్లేదు. ఇరవై ఏళ్ళు ఈ పనే చేసి ఇప్పుడు ఆ అంకెకే చిక్కింది. ఆయన అడుగుల చప్పుడు విని వరస మళ్ళీ ఎక్కించింది.

గురువారం ఆమె ఇంటికి వచ్చేసరికి ఐదున్నర. నాలుగో అంతస్తు మలుపు ఎక్కుతుండగానే కనబడింది. మంగాయమ్మ కటకటాల తలుపు బెత్తెడు తెరిచి ఉంది. గోపీకృష్ణ జేబులోంచి కార్డు తీసి ఆ సందులోంచి లోపలికి అందిస్తున్నాడు. మంగాయమ్మ చెయ్యి అది అందుకుని లోపలికి పోయింది.

సూర్యావతి మిగిలిన ఆరు మెట్లు ఎలా ఎక్కిందో ఆమెకే తెలీదు.

"ఏటిచ్చినావురా? ఆవిడకి కార్డెందుకిచ్చినావు?"

"అడిగినాదమ్మా."

"అడిగితే ఇచ్చేస్తావా? పేనం అడిగితే ఇస్తావా?" తలుపు కటకటాలు రెండు చేతులా పట్టుకుని ఊపింది. "అప్పా, కార్డియ్యి. నా కొడుకు కార్డు నాకియ్యి."

"నీ కొడుకెవలు?" లోపల్నుంచి మంగాయమ్మ గొంతు. "వార్డులో అడుగు. కన్నారావుకి పిల్లల్లేరట గదా."

"నీ ఇంటి కూడు తిన్నాడు. నిన్ను అమ్మా అన్నాడు. ఆణ్ణి సైన్యానికి అంపుతావేటి? నీకు కడుపుకోత తెలీదేటి? నీ కోటిగాడు దక్కడు, సూసుకో."

అన్నాక గాని ఏమన్నదో ఆమెకే వినబడలేదు. లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. కింది అంతస్తు నుంచి ఎవరో తల పైకెత్తి చూసి దించేసుకున్నారు.

కన్నారావు గిడ్డంగి నుంచి వచ్చి అంతా విని చొక్కా విప్పకుండానే కూలబడ్డాడు. సరిహద్దు దాటిద్దామంటే దారిలో ప్రతి చోటా కార్డడుగుతారు, ఆ కార్డు ఇప్పుడు ఎదురింట్లో ఉంది. "ఆ తవుడు ఆనాడే తిరిగిచ్చుంటే," అన్నాడు. సూర్యావతి అతనికేసి చూసిన చూపుకి మిగిలిన మాట మింగేసుకున్నాడు.

కార్డు ఎందుకిచ్చావని ఇద్దరూ గోపీకృష్ణని పట్టుకున్నారు. గుచ్చి గుచ్చి అడిగితే, "కొన్నమ్మ ఎవరికీ సెప్పొద్దన్నాది," అన్నాడు. వాడి మూర్ఖత్వానికి సూర్యావతి చెయ్యెత్తింది గాని కొట్టలేకపోయింది.

శుక్రవారం పొద్దున్న ఆమె వార్డు ఆఫీసుకి అందరికన్నా ముందు వెళ్ళింది. కాపలా మనిషి తాళం తీసి కంప్యూటరు పెట్టుకోమన్నాడు. గుమాస్తా ఇంకా రాలేదు. సూర్యావతి జాబితా తెరిచి ఆ వరస దగ్గరికి వెళ్ళింది. చివరి గడి ఖాళీగా ఉంది.

మొత్తం మారదు. మనిషి తగ్గడు, పెరగడు. ఖాళీ గడిలో ఒక పేరు పడుతుంది, అంతే. తొమ్మిదింటికి వార్డు జాబితా పైకి పంపేస్తానని గుమాస్తా నిన్ననే అన్నాడు. మంగాయమ్మ మోకాళ్ళ నొప్పులతో నాలుగంతస్తులు దిగి, వరసలో నిలబడి, లోపలికొచ్చేసరికి పదవుతుంది. అప్పుడామె ఏ పేరు చెబితే ఏం? తాను ముందు చేయి వేయకపోతే ఆవిడ వేస్తుంది. కార్డు పట్టుకెళ్ళింది అందుకే కదా.

సూర్యావతి ఆ గడిలో కోటిబాబు అని కొట్టింది. పేరు కొట్టడానికి ఎంతో సేపు పట్టలేదు. కోటిబాబు పెళ్ళికి చూడమని ఆర్నెల్ల కింద మంగాయమ్మ తనతోనే ఫొటోలు ఏరించింది. అది గుర్తొచ్చినా ఆమె వెనక్కి చెరపలేదు.

తొమ్మిదికి ఐదు నిమిషాలుండగా గుమాస్తా వచ్చాడు. ఆయన వెనకే మంగాయమ్మ వచ్చింది.

తడి జుట్టు ముడి వేయకుండా వీపు మీద వదిలేసుంది. చీర తడిగా ఒంటికి అంటుకునుంది. గడప దాటి లోపలికి రాకుండా అక్కడే నిలబడింది, మైలలో ఉన్న మనిషిలాగా. చేతిలో ప్లాస్టిక్ సంచి. సూర్యావతి వైపు చూడలేదు.

"డో మంగా, ఇద్దరిలో ఎవరు?" అన్నాడు గుమాస్తా.

"ఒక్కడే ఉన్నాడు," అంది మంగాయమ్మ. ఆవిడ బర్మా మాటలు ముక్కలు ముక్కలుగా వస్తాయి, ఎప్పుడూ అంతే. "చిన్నవాడు చనిపోయాడు."

సూర్యావతి చేతులు కీబోర్డు మీదే ఉండిపోయాయి.

"ఎప్పుడు?"

"నిన్న రాత్రి. దలా వెళ్ళే పడవ మీంచి జారాడు. నది తీసుకుపోయింది. శవం లేదు." సంచిలోంచి ఒక్కొక్కటే తీసి బల్ల అంచున పెట్టింది. గుడి పూజారి రాసిచ్చిన కాగితం, కర్మ మొదలైనట్టు. తన తమ్ముడు చిట్టిబాబు సాక్షి సంతకం. చివరికి చచ్చినవాడి కార్డు, తిరిగి అప్పగించాల్సింది. కార్డు మీద ఫొటోలో గోపీకృష్ణ చెవులు కొంచెం బయటికి వచ్చి ఉంటాయి.

గుమాస్తా కాగితాలు తిరగేసి, కార్డు వెలుతురుకి పెట్టి చూసి, లేచి సూర్యావతి వెనక్కి వచ్చి స్క్రీన్లోకి వంగాడు.

"ఇదేంటి? ఇక్కడ పంపే మనిషి కోటిబాబు అని ముందే ఉందే. ఎవరు చెప్పారు?"

కోటిబాబు అన్న పేరు ఏ భాషలో చెప్పినా కోటిబాబే. మంగాయమ్మ తల తిప్పి మొదటిసారి సూర్యావతిని చూసింది.

"తప్పు పడింది," అంది సూర్యావతి. "పై వరసలోది కిందికి దిగింది. తీసేస్తున్నాను." ఒక్కొక్క అక్షరం చెరిపింది.

గుమాస్తా తమలపాకు నములుతూ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. పాతికేళ్ళుగా అబద్ధాలు విని విని పండిన మనిషి. "శవం లేని చావుకి అదే బిల్డింగులో ఉండేవాళ్ళు ఒకరు సాక్ష్యం చెప్పాలి," అన్నాడు. "నీదీ ఆ నాలుగో అంతస్తే కదా మ సూర్యా. ఆ అబ్బాయి నీకు తెలుసా?"

"తెలుసు."

"చనిపోయాడా?"

ఫ్యాను గాలికి పూజారి కాగితం అంచు లేచి పడుతోంది. ఇంట్లో గోపీకృష్ణ ఈపాటికి చద్దన్నంలో ఉల్లిపాయ నంజుకుంటూ ఉంటాడు. ఇద్దరు బిడ్డలు నిజంగా పోయినప్పుడు ఆమె ఆ మాట నోటితో అనలేదు, పక్కవాళ్ళే అన్నారు. ఇప్పుడు ఎవరూ లేరు. మంగాయమ్మ గడపలో నిలబడి గోడకేసి చూస్తోంది.

"చనిపోయాడు," అంది సూర్యావతి.

"చూశావా?"

"రాత్రి ఇంటికి రాలేదు. ఈవిడ ఏడుపు విన్నాను."

సంతకం చూపించిన చోట పెట్టింది. గుమాస్తా చదివినట్టే కొట్టింది. గోపీకృష్ణ, మృతి. వయసు గడిలో అంకె తీసి గీత పెట్టింది. కార్డు నంబరు గడిలో గీత పెట్టింది. పంపే మనిషి గడిలో గీత పెట్టింది. అడుగున వార్డు మొత్తం ఒకటి తగ్గింది. గుమాస్తా పాత కాగితం మీద పెన్నుతో కొట్టేసి, తగ్గిన అంకె పక్కన పొట్టి సంతకం చేశాడు. లెక్క కుదిరింది.

"మీవాళ్ళలో పదమూడో రోజు భోజనాలు పెడతారు కదూ," అన్నాడు కార్డు సొరుగులో పడేస్తూ. "నేనూ వస్తాను."

"రండి," అంది మంగాయమ్మ.

సాయంత్రం సూర్యావతి మెట్లెక్కుతుంటే రెండో అంతస్తులోనే ఏడుపు వినబడింది. నాలుగో అంతస్తు జాగాలో చాప వేసుకుని, తడి చీరతోనే మంగాయమ్మ కూర్చునుంది. చుట్టూ బిల్డింగు ఆడవాళ్ళు, బర్మావాళ్ళూ తమిళులూ. "నా తవిటోడా, ఎక్కడికెల్లిపోనావురా, నా కొన్నబిడ్డా," అని నేల మీద అరచెయ్యి కొట్టుకుంటూ ఏడుస్తోంది. గుమాస్తా మనుషులెవరైనా వింటారని మొదలుపెట్టిన ఏడుపే అయ్యుండాలి. కాని ఆ ఏడుపు ఇప్పుడు ఆవిడ చేతిలో లేదు. గొంతు బొంగురుపోయినా ఆగడం లేదు.

పొరుగింటి ఆడది చేయాల్సినట్టే సూర్యావతి వెళ్ళి పక్కన కూర్చుని ఆవిడ చేతులు పట్టుకుంది. మంగాయమ్మ గట్టిగా విదిలించుకుంది. చూసినవాళ్ళు దుఃఖం అనుకున్నారు. సూర్యావతి వెనక తన ఇంటి తలుపుకి పొద్దున ఆమె బయట వేసిన తాళం అలాగే ఉంది. ఆ తలుపు అవతల గోపీకృష్ణ తన చావుకి ఏడుస్తున్న ఏడుపు వింటున్నాడు. ఇక వాడు వీధిలోకి రాలేడు, పని చేసే ఫోన్ల కొట్టుకి వెళ్ళలేడు. ఎంతకాలమో ఎవరికీ తెలీదు. ఉన్నాడు, ఏ పేజీలోనూ లేడు.

దీపాలు పెట్టే వేళకి జనం ఒక్కొక్కరే దిగిపోయారు. సూర్యావతి తాళం తీసి లోపలికెళ్ళి, అటక మీది పాత చేట దించి, సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ కోళ్ళ మేత అమ్మే కొట్లో కట్టించిన తవుడు దాని నిండా పోసి తీసుకొచ్చింది. మంగాయమ్మ ముందు చాప మీద పెట్టింది. కొంచెం తవుడు గచ్చు మీద ఒలికింది.

"అప్పా, నా బిడ్డని నాకిచ్చీయి."

మంగాయమ్మ చేటకేసి చూసింది. తవుడు చిటికెడు తీసి వేళ్ళ మధ్య నలిపి మళ్ళీ అందులోనే వేసింది.

"నా కోటిగాణ్ణి రాసీసినావు గదే," అంది.

సూర్యావతి తల వంచుకుంది. "రాసినాను."

"నాను అయిదు రోజులు పూజారి సుట్టూ తిరిగినాను. నీకు సెప్తే ఆడు పోనాడన్న మాట నీ నోట రాదని సెప్పలేదు. నీళ్ళు ఎందుకు పోసినాననుకున్నావు? మనం కొట్టుకున్నట్టు ఊరంతా సూడాల. ఒక మాట మీదున్నామని ఎవుడూ అనకూడదు." ఆగి, "తర్వాత తర్వాత కోపం వొచ్చే పోసినాను," అంది. "కాయితంలో నీ వోడి పేరు సూసిన ప్రతిసారీ వొచ్చినాది."

"తప్పయిపోనాది అప్పా."

"అవును. తప్పే. నాను సచ్చేదాకా మర్సిపోను." చీర కొంగుతో మొహం తుడుచుకుని, చేటను రెండు చేతులతో వెనక్కి తోసింది. "ఇది అట్టుకుపో. సచ్చినోణ్ణి ఎవులైనా కొంతారేటి?"

సూర్యావతి చేట పట్టుకుని లేచింది. గుమ్మం దాకా వెళ్ళాక వెనకనుంచి మంగాయమ్మ గొంతు వినబడింది, పొద్దుటినుంచీ ఏడ్చి ఏడ్చి ఇంత మిగిలిన గొంతు.

"ఆడికి అన్నం ఎట్టు. నా ఏడుపు విని తినుండడు."

తలుపు తీస్తే గోపీకృష్ణ గోడకి ఆనుకుని చీకట్లో కూర్చునున్నాడు. పొద్దున పెట్టిన చద్దన్నం కంచంలో అలాగే ఉంది.